మెట్ల కింద కొట్లు

దండూరి సత్యనారాయణగారు గోదాట్లో పోయారన్న కబురు రాజమండ్రి బజారు చుట్టి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. మొసలి లాక్కుపోయిందని ఒకరన్నారు. అమ్మవారే చెయ్యి చాపి పిలిచిందని ఇంకొకరన్నారు. మెయిన్‌రోడ్డు కిళ్ళీకొట్టు దగ్గరైతే, ఆయన నీళ్ళమీద నాలుగడుగులు నడిచి మరీ మునగడం కళ్ళారా చూసినవాళ్ళు ముగ్గురు తేలారు. ఆ వేళకి ఆ ముగ్గురూ దుప్పట్లో గుర్రుపెడుతున్నారన్నది వేరే సంగతి.

డిటెక్టివ్ నాగదుర్గ ఆ కబుర్లేవీ చెవిని పెట్టలేదు. ఆవిడ పదిహేనేళ్ళు ఒక బీమా కంపెనీలో చావు క్లెయిములు తనిఖీ చేసిన మనిషి. పోయాడని కాగితాలు పెట్టిన ఒక పెద్దమనిషి కాకినాడ సంతలో కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంటే, వెనకనుంచి వెళ్ళి "స్వర్గంలో కాయల్లో నీళ్ళు లేవాండీ?" అని అడిగి పట్టుకుందని ఆవిడ గురించి చెప్పుకుంటారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది.

ఆ ఉదయం సత్యనారాయణగారి భార్య రమాదేవి కబురు చేస్తే వచ్చింది. హాల్లో ఆయన్ని పడుకోబెట్టారు. నుదుటిమీద దెబ్బ. చేతికి వాచీ అలాగే ఉంది. రమాదేవి ఏడవడం లేదు. గోడకి ఆనుకుని కూర్చుని నాగదుర్గ చెయ్యి పట్టుకుంది.

"నలభై ఏళ్ళబట్టీ గోదాట్లో మునిగిన మనిషమ్మా. పుష్కరాల్లో కొట్టుకుపోతున్నవాళ్ళని జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. అలాంటివాడు మెట్టు జారి పోయాడంటే నేను నమ్మాలా? మధ్యాహ్నానికి అమావాస్య వచ్చేస్తుందిట. ఈలోపే తీసుకెళ్ళిపోతామంటున్నారు. కట్టె కాలకముందు నాకు నిజం చెప్పు. తరవాత చెప్తే ఏం చేసుకోను?"

అప్పటికి తొమ్మిదిన్నర దాటింది.

* * *

సత్యనారాయణగారు పోయిన రేవు పక్కనే దండూరి బ్రదర్స్ వాళ్ళ కొత్త కట్టడం పునాదుల్లో ఉంది. కింద కొట్లు, పైన ఫ్లాట్లు, ఆ కొసన హోటలు. స్థలం మునిసిపాలిటీది. నామమాత్రపు లీజుకి ఇస్తూ ఒక్కటే షరతు పెట్టారు. మధ్యలో ఉన్న పాత రేవు జనానిదిగానే ఉండాలి, దానికి కొత్త మెట్లు దండూరి వాళ్ళే కట్టివ్వాలి, వచ్చే ఏడాది పుష్కరాలకి సిద్ధం కావాలి. బ్రదర్స్ అంటే ముగ్గురు. పోయిన సత్యనారాయణగారు పెద్ద. ఆయన బాబాయి కొడుకులు జోగేశ్వరరావు, గణేష్‌బాబు.

రేవు మీద సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భాస్కరరామం నిలబడి ఉన్నాడు. ఆయనకో మీసం ఉంది. స్టేషన్‌కి ఆయనకంటే ఆ మీసమే ముందు చేరుకుంటుందని కానిస్టేబుళ్ళ నమ్మకం.

"వచ్చారూ?" అన్నాడు. "ఎవరు పోయినా మీకు అనుమానమే కదండీ మేడమ్‌గారూ. మా తాతగారు తొంభై ఏళ్ళు బతికి హాయిగా పోతే కూడా మీ కంపెనీవాళ్ళు ఎంక్వైరీకి దిగారు."

"ఆ దిగింది నేనేనండి. పాలసీలో తాతగారి వయసు అరవై అని రాయించారు. మీ నాన్నగారి కంటే మూడేళ్ళే పెద్ద అయ్యారాయన."

పక్కనున్న కానిస్టేబులు గోదావరి వైపు తిరిగి దగ్గాడు. మీసం ఒకసారి వణికి సర్దుకుంది.

"చూడండి, ఇందులో తవ్వడానికేం లేదు. పొద్దున్నే స్నానానికొచ్చాడు. చెప్పులు పైమెట్టు మీద విడిచాడు. జారాడు. తల మెట్టుకి కొట్టుకుంది. ఏరు దాటించే పంటు గొలుసుకి చిక్కుకుని ఉంటే వల వేసేవాళ్ళు ఏడున్నరకి చూశారు. మేమొచ్చి పైకి తీయించి ఎనిమిదింటికి ఇళ్ళకి ఫోన్లు చేశాం. పంచనామా అయిపోయింది."

"పోస్టుమార్టం?"

"ఇంటివాళ్ళు వద్దని రాసిచ్చారు. ముసలాయన్ని కొయ్యడం ఎందుకండీ?"

నాగదుర్గ మెట్ల దగ్గర వంగింది. చెప్పులు ఎవరూ ముట్టుకోలేదు. ముగ్గుపిండితో చుట్టూ గీత గీశారు. గోదావరి మెట్టు మీద చెప్పుకాలు పెట్టే పాపిష్టివాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు కాబట్టి అవి పైమెట్టు మీద ఉండటం వింత కాదు. ఆవిడ వాటికేసి చూస్తూనే తన చెప్పులు విడిచి నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగింది.

"సీఐగారూ, నా చెప్పుల ముక్కులు ఎటు ఉన్నాయండీ?"

"గోదావరి వైపు."

"దిగేవాడు విడిస్తే అలాగే ఉంటాయి. ఆయనవి చూడండి. ఊరి వైపు తిరిగున్నాయి. కిందనుంచి ఎక్కొచ్చినవాడెవడో చేత్తో పట్టుకొచ్చి అక్కడ పెట్టినట్టు లేదూ?"

భాస్కరరామం చూశాడు. చూసి, "ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు. మా మావగారు వెనక్కి నడుస్తూ విడుస్తాడు," అన్నాడు.

"ఆయన చేతికి వాచీ కూడా ఉంది. స్నానానికి దిగేవాడు వాచీ పెట్టుకుంటాడా?"

"కాళ్ళు కడుక్కోడానికి దిగాడేమో."

"అయితే స్నానం అని మీరు పంచనామాలో ఎందుకు రాశారు?"

ఆయన టోపీ సర్దుకుని, "ఆ సైటు ఆఫీసులో గణేష్‌బాబుగారున్నారు. ఆయన్ని అడగండి. నేనూ వస్తాను, మీరు ఆయన్ని భయపెట్టకుండా," అన్నాడు.

* * *

సైటు ఆఫీసంటే రేకుల షెడ్డు. బల్లమీద అద్దాల పెట్టెలో కట్టబోయే దాని బొమ్మ ఉంది. అట్టతో కొట్లు, ఫ్లాట్లు, బుల్లి కొబ్బరిచెట్లు, మధ్యలో తెల్లటి మెట్ల రేవు, మెట్లమీద బియ్యపు గింజంత మనుషులు. కుర్చీ వెనక గోడకి అన్నవరం సత్యదేవుడి పటం. దాని కింద చిన్న చెక్క అరలో ఇత్తడి ప్రమిద.

గణేష్‌బాబుకి నలభై లోపే. కళ్ళు వాచి ఉన్నాయి. ఊళ్ళో రేవు పేరెత్తితే ముందు గుర్తొచ్చేది ఈయనే. మునిసిపాలిటీ మీటింగుల్లో మైకు పట్టుకుని, రేవు జనానిది, జనానిదే అని కన్నీళ్ళు పెట్టుకుంటే చేపలమ్మేవాళ్ళు సైతం చప్పట్లు కొట్టారు.

"పెద్దన్నయ్య నాకు తండ్రి లాంటివాడండి," అన్నాడు. "ఆయన పోయాక ఈ రేవుని ఎవరు కాపాడతారు చెప్పండి? మా చిన్నన్నయ్య జోగేశ్వరరావుకి లాభం తప్ప ఇంకోటి కనపడదు. అన్నగారని నేనేం మాట్లాడకూడదు కానీ, మొన్న సాయంత్రం ఇద్దరూ ఇక్కడే అరుచుకున్నారు."

"దేనిగురించి?"

"దీని గురించే. ఇంత పొడుగు గోదావరి మొహాన్ని ఊరికే వదిలేస్తే బ్యాంకు అప్పు ఎలా తీరుతుందని చిన్నన్నయ్య. మాట ఇచ్చాం, వదలాల్సిందేనని పెద్దన్నయ్య."

"చివరికి ఎవరు నెగ్గారు?"

గణేష్‌బాబు తటపటాయించాడు. "ఎవరూ నెగ్గలేదండి. రాజీ పడ్డారు. మెట్లు కట్టి వదిలేస్తే రెండేళ్ళలో పాచిపట్టి పాడవుతాయి, ఊడ్చేవాళ్ళకీ దీపాలకీ ఎవరిస్తారు, అందుకని కొట్ల అద్దెలో ఆరో వంతు ఎప్పటికీ రేవు ఖర్చుకే ఉంచుదాం అన్నాడు చిన్నన్నయ్య. పెద్దన్నయ్య ఒప్పుకున్నాడు."

నాగదుర్గ తలెత్తింది. లాభం తప్ప ఇంకోటి కనపడని మనిషికి పాచి కనపడిందన్నమాట.

"ఆ రాజీ మీకు నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటండీ!"

"జోగేశ్వరరావుగారు ఇప్పుడెక్కడున్నారు?"

"నిన్న రాత్రే అన్నవరం వెళ్ళాడండి, ఆడవాళ్ళతో. పొద్దున్నే కొండమీద వ్రతంలో కూర్చున్నాడు. కథ అయ్యాక ఎనిమిది దాటి ఫోను అందింది. తిరిగొచ్చేశాడు, శ్మశానం దగ్గర ఏర్పాట్లు చూస్తున్నాడు. మా పెద్దన్నయ్యకి కొడుకులు లేరు కదండీ. నిప్పు పట్టేది చిన్నన్నయ్యే." అని కాస్త ఆగి, "ఆయనే పట్టడం ఏంటో, ఖర్మ," అన్నాడు.

చూశారూ, ఎంత మెత్తగా తోశాడో. సీఐ మీసం కూడా ఆ తోపుకి అటే వాలింది.

"మీకెప్పుడు తెలిసిందండీ?" అంది నాగదుర్గ.

"ఎనిమిదింటికి. స్టేషన్‌నుంచి ఇక్కడికే ఫోను చేశారు."

"అప్పటికి మీరు ఇక్కడే ఉన్నారా?"

"ఆరున్నరకే తెరుస్తానండి, కూలీలు వస్తారు కదా. తాళం తీయడం, స్వామికి దీపం పెట్టడం, కుర్చీలో కూర్చోడం. మా నాన్నగారు నేర్పిన అలవాటు. నిప్పులవాన కురిసినా మానను."

"ఇవాళ కూడా పెట్టారా?"

"పెట్టకుండా కూర్చుంటానా అండీ! అప్పటికి నాకేం తెలుసు? ఎనిమిదింటికి ఫోను రాగానే లేచి పరిగెత్తాను. అదిగో, నూనె అయిపోయి కొండెక్కింది."

నాగదుర్గ అర దగ్గరికి వెళ్ళింది. ముట్టుకోలేదు. ప్రమిదలో వత్తి కొస బొగ్గై గట్టిపడి ఉంది. దానిమీద సిమెంటు దుమ్ము సన్నగా పేరుకుంది. పటానికున్న కనకాంబరాల దండ నిన్నటిది, అంచులు నల్లబడ్డాయి. ఆవిడ ఏమీ అనకుండా కిటికీ దగ్గరికి నడిచి బయటికి చూసింది. కిటికీ గట్టుమీద అరిటాకు పొట్లం ఒకటి, దారం విప్పకుండా ఉంది. ఆకు సందులోంచి తాజా కనకాంబరం ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

"ఈ పూలు ఎవరివండీ?"

గణేష్‌బాబు మొహం ఒక్క క్షణం ఖాళీ అయింది. "మరిడమ్మ తెస్తుంది. ఊడ్చే ఆవిడ. ఇవాళ ఆలస్యంగా తెచ్చి ఉంటుంది."

మరిడమ్మ బయట ఇసక గుట్ట దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. పిలిస్తే వచ్చి గుమ్మం బయటే ఆగింది.

"పూలు ఎప్పుడు తెచ్చావమ్మా?"

"ఆయ్, రోజూలాగే తెచ్చానండి. బాబుగారు తలుపు తీయగానే."

"మరి దండ మార్చలేదేం?"

"బాబుగారు పుచ్చుకోలేదండి. అక్కడ పెట్టేసి పో అన్నారండి. అందివ్వబోతే చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. దీపానికి నూనె పొయ్యనాండీ అనడిగితే ఇవాళ వద్దు అన్నారు." మరిడమ్మ గణేష్‌బాబు మొహం చూసి ఆగబోయింది. ఆగలేక, "మొహాన బొట్టు కూడా లేదండి. అదేంటో, ఒంట్లో బాలేదేమోననుకున్నా," అని పూర్తిచేసింది.

"మర్చిపోయానండి," అన్నాడు గణేష్‌బాబు. "పొద్దున్నుంచీ జరిగినవాటితో అయోమయంగా ఉంది. పెట్టాననే అనుకున్నాను."

"మర్చిపోయినవాడు నూనె వద్దని చెప్పడు."

"ఒంట్లో నలతగా ఉంది. స్నానం చెయ్యలేదు. అందుకే ముట్టుకోలేదు."

"స్నానం చేశారండి," అంది మరిడమ్మ గుమ్మంలోంచి. "తల తడిగా ఉంది కదండీ మరి."

"నువ్వు వెళ్ళవే!" అని గణేష్‌బాబు అరిచాడు. ఆ అరుపుకి భాస్కరరామం మొదటిసారి అతనివైపు నిదానంగా చూశాడు.

నాగదుర్గ గొంతు పెంచలేదు. "తలారా స్నానం చేశారు. బొట్టు పెట్టుకోలేదు. దీపం ముట్టించలేదు. పూలు తాకలేదు, ఆవిణ్ణి కూడా తాకలేదు. గణేష్‌బాబుగారూ, మీ ఇంటిపేరువాళ్ళలో ఎవరో పోయారని ఆరున్నరకే మీకు తెలుసు. ఎవరండీ పోయింది?"

అతను నోరు తెరిచాడు.

"దూరపు చుట్టమైనా సరే, పేరు చెప్పండి. నేను ఇప్పుడే ఫోను చేసి కనుక్కుంటాను."

నోరు మూసుకున్నాడు. మనిషిని చంపగలిగినవాడు మైలతో స్వామి దీపం ముట్టించలేకపోయాడు. దొరుకుతానని కాదు, ఆ సమయంలో ఆ ఆలోచన రానే రాలేదు అతనికి. చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి.

"ఇదేంటండీ భాస్కరరామంగారూ!" అన్నాడు చివరికి, నవ్వబోతూ. "దీపం పెట్టకపోతే ఏ సెక్షనండీ? నాకు ఆలస్యమవుతోంది. అన్నయ్య అక్కడ ఒక్కడే ఉన్నాడు." అని ఇద్దరి మధ్యలోంచీ బయటికి నడిచాడు. మరు నిమిషంలో మోటారుసైకిలు చప్పుడు.

"ఆపరేం?" అంది నాగదుర్గ.

"ఏమని ఆపనండీ?" భాస్కరరామం టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "మా పెదనాన్న పోయినప్పుడు మా అమ్మ కుంకుమ భరిణ కూడా తాకలేదు. మీరేమంటున్నారో నాకు తెలుస్తోంది. జడ్జిగారికి ఏమని చెప్పను? అతను రేవు కోసం ఏడ్చినవాడు. ఆ రేవు కోసమే పట్టుబట్టినవాణ్ణి ఎందుకు చంపుతాడు?"

అది మంచి ప్రశ్న. నాగదుర్గ అద్దాల పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. మూత ఎత్తింది. కొట్లన్నీ జిగురుతో గట్టిగా అంటించి ఉన్నాయి, కొబ్బరిచెట్లు కూడా. బియ్యపు గింజ మనుషులున్న మెట్లని గోటితో తాకితే మాత్రం అవి కదిలాయి. రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది.

బొమ్మల కొలువు మెట్లలా మొత్తం రేవంతా ఒక్క ముక్కగా ఊడి చేతిలోకి వచ్చింది.

దాని కింద కొట్లు. రెండు వరసలు. రంగు రంగుల బుల్లి బోర్డులతో సహా. నీళ్ళ అంచుదాకా ఒక్క మెట్టు లేదు.

భాస్కరరామం వంగి చూశాడు. మీసం అద్దానికి తగిలింది.

"మునిసిపాలిటీవాళ్ళు వస్తే మెట్లు పెడతాడు," అంది నాగదుర్గ. "కొట్టు కావాల్సినవాళ్ళు వస్తే మెట్లు తీస్తాడు. రేవు కోసం ఏడిస్తేనే కదండీ రేవు తన చేతిలో ఉంటుంది. నిన్నో మొన్నో పెద్దాయన ఈ మూత ఎత్తి ఉంటాడు. మెట్లమీద చీమ పాకితే తోలడానికి తాకినా చాలు."

"ఎవరికమ్మాడు ఇవన్నీ?"

"అది తరవాత. ముందు శవం."

"శవాన్ని ఆపాలంటే పోస్టుమార్టం వద్దన్నవాళ్ళే కావాలనాలండీ. ఆ రాసింది గణేష్‌బాబే అయినా జోగేశ్వరరావు పేరు మీద రాశాడు. రమాదేవిగారి దగ్గరికి వెళ్దామంటే ఇల్లు ఆ కొసన, శ్మశానం ఈ కొసన." వాచీ చూసుకున్నాడు. పదకొండున్నర అవుతోంది. టోపీ తీసుకుని తలమీద అడ్డదిడ్డంగా పెట్టుకున్నాడు. "ఎక్కండి జీపు."

* * *

వాళ్ళు వెళ్ళేసరికి కట్టెలు పేర్చి సత్యనారాయణగారిని వాటిమీద పెట్టేశారు. మెయిన్‌రోడ్డు వర్తకులు పెద్ద గుంపుగా చుట్టూ నిలబడి ఉన్నారు. గేటు పక్కన జోగేశ్వరరావు కారు ఆగి ఉంది. దాని ముందు అద్దం దగ్గర అన్నవరం ప్రసాదం ఆకు పొట్లాలు నాలుగు ఎండలో మగ్గుతున్నాయి. ఇంట్లోకి తీసుకెళ్ళడానికి లేదు, పారెయ్యడానికి చేతులు రావు. వాటిని చూడగానే నాగదుర్గకి ఒక సంగతి గట్టిపడింది. ఇంటిపేరులో చావు తెలిసినవాడు కొండమీద వ్రతంలో కూర్చోడు. ఈ మనిషికి తెలియదు.

జోగేశ్వరరావు బక్కపల్చటి మనిషి. తడి పంచె, తడి తల, చేతిలో నిప్పుకుండ. ఆయన వెనకే గణేష్‌బాబు, చెవిలో ఏదో చెబుతున్నాడు.

"ఆగండి!" అంది నాగదుర్గ.

గుంపు గొణిగింది. ఆడమనిషి శ్మశానంలో అడుగుపెట్టిందేమని ఒకరు, అమావాస్య వచ్చేస్తోందని ఇంకొకరు. పురోహితుడు మంత్రం సగంలో మింగేశాడు.

"ఈవిడెవరు?" అన్నాడు జోగేశ్వరరావు.

"మీ వదినగారు పంపిన మనిషినండి. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. పొద్దున్న మీరు వ్రతంలో కూర్చున్న వేళకి, మీ తమ్ముడు ఆఫీసు తెరిచి సత్యదేవుడికి దీపం మానేశాడు. పూలు ముట్టుకోలేదు. బొట్టు పెట్టుకోలేదు. అది అన్నయ్యగారి శవం ఎవరికీ కనపడకముందు."

ఆ మాటని ఆయనకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. జోగేశ్వరరావు కుండ పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ గణేషూ. దీపం పెట్టావా?"

"అన్నయ్యా, ఈవిడ మాటలు వింటావేంటి? తరవాత మాట్లాడుకుందాం, టైమైపోతోంది..."

"పెట్టావా లేదా?"

గణేష్‌బాబు కళ్ళు దించుకున్నాడు. అబద్ధం ఆడటానికి అతనికి ఏ ఇబ్బందీ లేదు, ఇందాకే ఆడాడు కూడా. కానీ అడిగినవాడు అన్నగారు, ఎదురుగా కట్టెలమీద ఇంకో అన్నగారు.

జోగేశ్వరరావు నిప్పుకుండని నేలమీద పెట్టి ఇసక కప్పేశాడు. "సీఐగారూ, వద్దని నా పేరు మీద రాసిన కాగితం ఉందిట కదా, చింపెయ్యండి. మా అన్నయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"ఏం మాటలండీ అవి!" గుంపులోంచి ఒకడు ముందుకు వచ్చాడు. బట్టలకొట్టు చిట్టియ్య. పెళ్ళైనా చావైనా ముందు వరసలో నిలబడకపోతే ఆ పూట అన్నం సయించదని పేరు. "పెద్దమనిషి శవాన్ని కోయిస్తారా? కట్టెమీద పెట్టింది దించుతారా? మీరు పట్టకపోతే మేం పడతాం. పది మందిమి ఉన్నాం. కానివ్వండయ్యా!"

ఆ మాటకి ఇంకో ఇరవై మంది కదిలారు. అందరూ అమావాస్య అంటున్నారు, ఆచారం అంటున్నారు. పక్కన ఆరుతున్న ఇంకో చితిలోంచి చిట్టియ్య ఒక కొరివి లాగాడు. భాస్కరరామం వెంట ఉన్నది ఒక్క కానిస్టేబులు.

నాగదుర్గ ఆ మొహాలు చూసింది. దుఃఖంతో తొందరపడేవాళ్ళు అలా ఒకరినొకరు చూసుకోరు. ఎవరికమ్మాడు ఇవన్నీ అని సీఐ అడిగిన ప్రశ్నకి జవాబు అంత్యక్రియలకి తరలివచ్చి ఎదురుగా నిలబడి ఉంది.

"జోగేశ్వరరావుగారూ!" అని ఆవిడ అరిచింది. "మెట్ల కింద కొట్లున్నాయండి! రేవంతా అమ్మేశాడు. కొన్నవాళ్ళు వీళ్ళే!"

జోగేశ్వరరావు ఒక్కసారి గుంపుని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. ఇంకేం అడగలేదు. పంచె ఎగ్గట్టి కట్టెల మీదికి ఎక్కాడు. అన్నగారి తలని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టండి నిప్పు," అన్నాడు. "నేను లాభం చూసుకునే మనిషినే. కాదన్లేదు. కానీ మా అన్నయ్యతో ఆరు నెలలు దెబ్బలాడి దెబ్బలాడి ఆ రేవుకి ఒక దారి చూపించాను. మీరు కొట్లు పెట్టుకోండి, బాగుపడండి, అందులో ఆరో వంతుతో ఆ మెట్లు కడుగుదాం అన్నాను. అంతకంటే మీకేం కావాల్సొచ్చింది? రా చిట్టియ్యా. నీ కొట్టు ఎన్నో మెట్టు మీద?"

కొరివి చిట్టియ్య చేతిలోనే ఉంది. నిప్పు చెక్క వెంట వేళ్ళ వైపు పాకుతోంది. అతను దాన్ని విసరలేదు, కింద పడెయ్యనూ లేదు. ఉన్నట్టుండి గణేష్‌బాబు వైపు తిరిగాడు.

"నువ్వు మాట్లాడి ఒప్పిస్తానన్నావు కదయ్యా!" అన్నాడు. "పొద్దున్నే ఆయన్ని రేవుకి తీసుకురమ్మన్నావు. తీసుకొచ్చాం. మాట్లాడతాను, మీరు వెనక్కి చూడకుండా వెళ్ళిపొండి అన్నావు. వెళ్ళిపోయాం. ఇలా చేస్తావని మాకు చెప్పావా?"

కొరివి జారి ఇసకలో పడింది.

"తీసుకొచ్చాం అంటే?" అన్నాడు భాస్కరరామం, ఒక్కో మాటా ఒత్తి. "నువ్వు కాక ఇంకా ఎవరెవరు?"

చిట్టియ్య చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా గుంపంతా ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ వెనక్కి జరిగింది.

నలుగురు మాత్రం జరగలేదు. కట్టెలకి ఆ పక్కన వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళు గణేష్‌బాబుని చూడటం లేదు, పోలీసుల్ని చూడటం లేదు. నలుగురూ చిట్టియ్యనే చూస్తున్నారు. ఆ చూపు తన వీపుమీద పడ్డట్టు చిట్టియ్య, గోదావరి ఒడ్డున పుట్టిన మనిషెవరూ అనని మాట, నాగదుర్గ కొంగు పట్టుకుని అన్నాడు.

"అమ్మా, పొద్దున్న నాతో వచ్చింది ఆ నలుగురే. నన్ను నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళనివ్వకండి."